పెట్టె ఉంటుంది, పెత్తనమే పోతుంది

లేతనీలం కన్సోల్ కేబుల్ ఒక కొసను స్విచ్‌లో, రెండో కొసను ల్యాప్‌టాప్‌లో పెట్టి 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' అని కొడితే చాలు, ఏ పోర్టు లేచి ఉందో ఏది పడిపోయిందో వరసగా తెర మీదకొస్తుంది. ఈ కమాండ్లను అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, సిస్కో సర్టిఫికెట్ సీసీఎన్ఏ బోర్డుల కింద కూర్చుని నేర్చుకున్న తెలుగు పిల్లలు ఎందరో. ఆ సర్టిఫికెట్టే చాలామందికి తొలి ఉద్యోగం తెచ్చిపెట్టింది. కాబట్టి సిస్కో, జునిపర్ లాంటి నెట్‌వర్క్ పరికరాల పాతకాపులు క్లౌడ్ కాలంలో నిలుస్తారా అన్నది మన ఇళ్లకు దగ్గరి ప్రశ్నే. నిలుస్తారనే నా నమ్మకం. అయితే ధర చెప్పే చోటు నుంచి, ధర అడిగించుకునే చోటుకు దిగి నిలుస్తారు.

2000 మార్చిలో సిస్కో ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీ అయింది. పెట్టె, దాని లోపలి సాఫ్ట్‌వేర్, ఏటేటా కట్టే సపోర్టు కాంట్రాక్టు, దాన్ని నడిపేవాడి చేతిలోని సర్టిఫికెట్, అన్నీ ఒకే ముడిగా అమ్మింది. ఒకటి కొంటే మిగతావీ కొనాల్సిందే. కొనేవాళ్లు ఊరూరా ఉన్న బ్యాంకులు, కాలేజీలు, ఫ్యాక్టరీలు. అందులో ఒకరు చేజారినా కంపెనీకి నష్టం లేదు, అందుకే బేరం ఎప్పుడూ అమ్మేవాడిదే. క్లౌడ్ వచ్చి తిరగేసింది సరిగ్గా ఈ లెక్కనే. ఆఫీసుల సర్వర్ గదుల్లోని పని అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ డేటా సెంటర్లకు తరలిపోయింది. అక్కడ స్విచ్‌లకు కొదవేం లేదు, రాక్ రాకుకీ ఉంటాయి. వాటిని కొనే చేతులే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

ఆ కొద్దిమందీ ఊరికే కూర్చోలేదు. గూగుల్ 2005 ప్రాంతం నుంచే తన డేటా సెంటర్లకు సొంత స్విచ్‌లు కట్టుకుంటోందని 2015లో తానే పరిశోధన పత్రంలో రాసింది. ఫేస్‌బుక్ 2014లో వెడ్జ్ అనే సొంత స్విచ్‌ను చూపించింది. స్విచ్‌ను నడిపే సోనిక్ సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో అందరికీ తెరిచి ఇచ్చేసింది. ఇదంతా సాధ్యమైంది ఒక్క కారణంతో. పేరున్న కంపెనీ డేటా సెంటర్ స్విచ్ ఒకటి, పేరు లేని తైవాన్ తయారీ ఒకటి పక్కపక్కన పెట్టి మూత విప్పితే, హీట్‌సింక్ కింద చాలాసార్లు రెండింటిలోనూ బ్రాడ్‌కామ్ టామహాక్ చిప్పే కనిపిస్తుంది. బియ్యం ఒకటే, బస్తా మీద ముద్రే వేరు. ఇది తెలిసినవాడు ముద్రకు డబ్బు ఎందుకిస్తాడు? 2019 డిసెంబరులో సిస్కో సిలికాన్ వన్ అనే సొంత చిప్పును తెచ్చి, పెట్టె అక్కర్లేనివాళ్లకు చిప్పును విడిగా అమ్ముతానంది. దశాబ్దాల ముడిని వేసినవాళ్లే విప్పారంటే, నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

స్విచ్‌లు అమ్మే అరిస్టా సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. 2004లో పుట్టిన ఆ కంపెనీ క్లౌడ్ గాలివాటునే పెరిగింది, నిజమే. కానీ దాని రాబడిలో మైక్రోసాఫ్ట్, మెటా (ఫేస్‌బుక్) ఒక్కొక్కటీ పదో వంతుకు మించి ఉన్నాయని కంపెనీ లెక్కలే చెబుతున్నాయి. ఇద్దరు పెద్దల చల్లని చూపు మీద ఎదిగిన ఎదుగుదల అది. ఏఐ ఊపులో స్విచ్‌లకు గిరాకీ పెరిగిందన్న మాటా నిజమే. 2025 ఆర్థిక సంవత్సరంలో తనకు పెద్ద క్లౌడ్ కంపెనీల నుంచి 200 కోట్ల డాలర్లకు పైగా ఏఐ ఆర్డర్లు వచ్చాయని సిస్కో ప్రకటించింది. ఆర్డరిచ్చింది మళ్లీ ఆ కొద్దిమందే. పైగా 2020లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ మెలనాక్స్‌ను కొన్న ఎన్విడియా, జీపీయూలతో పాటు నెట్‌వర్క్‌నూ తానే అమ్ముతోంది. గిరాకీ పెరిగినంత మాత్రాన బేరం అమ్మేవాడి చేతికి తిరిగి రాలేదు.

నేను తోసిపుచ్చలేని అభ్యంతరం ఒకటుంది. ఆసుపత్రి వార్డు పైకప్పుకు బిగించిన వైఫై పెట్టెను ఏ క్లౌడూ ఎత్తుకుపోలేదు. ఎక్స్‌రే గదికి కేబుల్ అక్కడే ఉండాలి, అర్ధరాత్రి అది ఆగితే ఫోనెత్తేవాడూ ఉండాలి. పాత కంపెనీల అసలు బలం ఈ ఫోనెత్తడమే, వాటికి ఇకముందు బతుకుతెరువు కూడా ఇక్కడే. హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ (హెచ్‌పీఈ) 2025 జులైలో సుమారు 1,400 కోట్ల డాలర్లకు జునిపర్‌ను కొన్నప్పుడు, జునిపర్ చేతిలోని మిస్ట్ వైఫై నిర్వహణ ఆ బేరంలో పెద్ద ఆకర్షణ. 2024లో సిస్కో 2,800 కోట్ల డాలర్లు పెట్టి స్ప్లంక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొన్నది కూడా పెట్టె అమ్మకం కన్నా ఏటా వచ్చే చందా నిలకడైనదని తెలిసే.

నా భయమంతా ఆ చందా గురించే. పెద్దవాళ్ల దగ్గర పోయిన లాభాన్ని కంపెనీలు చిన్నవాళ్ల దగ్గర రాబట్టుకోవాలని చూస్తాయి. లైసెన్సు గడువు, ఆపైన ఇచ్చే నెల రోజుల వెసులుబాటు కూడా దాటితే పనిచేయడం మానేసే పరికరాలు ఇప్పటికే బజారులో ఉన్నాయి. మెటాతో బేరమాడలేని కంపెనీ, జిల్లా కేంద్రంలోని కాలేజీతో మాత్రం ధాటిగా మాట్లాడగలదు. అలాంటి చోట టెండరు రాసే కమిటీ పెట్టె ధర పక్కన ఐదేళ్ల లైసెన్సు ఖర్చును కూడా రాయించుకోవాలి. గడువు తీరిన మర్నాడు స్విచ్ పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు తీసుకున్నాకే సంతకం పెట్టాలి.