కంటికి కుదిరే కొలత

మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్ కారు బానెట్ మీద పొడవునా రెండు ఉబ్బులుంటాయి. ఒకటి ఇంజిన్‌కు చోటు చాలక వచ్చింది. రెండోది దానికి జోడీ కోసం, చూపు కోసం పెట్టింది. అవసరాన్నీ అందాన్నీ ఇంత పక్కపక్కన, ఇంత నిజాయితీగా నిలబెట్టిన కారు నాకు ఇంకొకటి తెలియదు. పైకి లేచే ఆ రెక్కల తలుపులు కూడా సోకు కోసం పుట్టినవి కావు. మెర్సిడెస్ ఇంజినీరు రూడాల్ఫ్ ఊలెన్‌హౌట్ రేసుల కోసం సన్నటి ఉక్కు గొట్టాలతో అల్లించిన ఫ్రేము పక్కల్లో బాగా ఎత్తుగా సాగింది. మామూలు తలుపుకు అక్కడ తావు లేదు. కీళ్లు పైకప్పులోకి వెళ్లాయి. ఆ రేసు కారుని జనం కొనుక్కునే కారుగా మార్చమని న్యూయార్క్ దిగుమతిదారు మాక్స్ హాఫ్‌మన్ పట్టుబట్టాడు. 1954 ఫిబ్రవరిలో ఆ ఊరి కార్ల ప్రదర్శనలోనే అది వెలుగు చూసింది. 1957 దాకా తయారైన రెక్కల తలుపుల కార్లు మొత్తం 1,400.

ఈ కారుని జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా సంస్థ 1/24 పరిమాణంలో ప్లాస్టిక్ కిట్‌గా తెచ్చింది. నాలుగున్నర మీటర్ల కారు జానెడుకు, దాదాపు 19 సెంటీమీటర్లకు వస్తుంది. గొట్టాల ఫ్రేమూ ఉంది, ఇంజినూ ఉంది. అచ్చు పోసినవాళ్ల పనితనానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ కిట్ ఇచ్చేది ఆకారం మాత్రమే. దానికి ప్రాణం పోసేది రంగు. ఆ రంగు వేయడం నకలు తీయడమని చాలామంది అనుకుంటారు. కాదనడానికే ఈ నాలుగు మాటలు.

అసలు కారు మీద రంగు మందం మిల్లీమీటరులో పదోవంతు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని 24తో భాగిస్తే వచ్చేది నాలుగు మైక్రాన్లు. ప్రైమరూ, రంగూ, మెరుపు వార్నిషూ అన్నీ కలిపి అంత పలుచగా వేయడం అయ్యే పని కాదు. అంటే కొలత ప్రకారం నిజమైన రంగు మోడల్ మీద అసాధ్యం. సాధ్యమయ్యేది కంటికి నిజమనిపించే రంగు. మన ఆలంకారికులు ఔచిత్యమన్నది ఇలాంటి చోటే పనికొస్తుంది. ఎంత ఉందన్నది కాదు, ఉన్నది ఉన్నచోట ఎంత కుదిరిందన్నదే ఇక్కడ లెక్క.

ఈ కారుకు పేరు తెచ్చిన రంగు డీబీ 180 అనే వెండి బూడిద. మోడల్ చేసేవాడికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు. వెండిరంగులో మెరిసేవి సన్నటి అల్యూమినియం రేణువులు. అసలు కారుకు వాడే రంగునే తెచ్చి మోడల్ మీద కొడితే ఒక్కో రేణువు 24 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. కారు మీద మెరుపు పొడి చల్లినట్టుంటుంది తప్ప లోహంలా ఉండదు. అందుకని రేణువులు బాగా సన్నగా నూరిన రంగు ఎంచుకోవాలి. అది కూడా ఎయిర్ బ్రష్‌తో, తడి ఎక్కువ కాకుండా, పలుచటి పొరలుగా. తడి ఎక్కువైందా, రేణువులు ఈదుకుంటూ పోయి ఒకచోట చేరతాయి, మచ్చలు పడతాయి. ఇంకో సంగతి. తలుపులు, బానెట్, బాడీ విడివిడి ముక్కలు. వాటిని వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కోణాల్లో పెట్టి కొడితే డబ్బా ఒకటే అయినా ఛాయ కలవదు. రేణువులు ఏ వాలున పడుకుంటే వెలుగు ఆ వాలుననే తిరిగి వస్తుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు అన్ని ముక్కలనూ కారులో ఉండే భంగిమలోనే నిలబెట్టి, ఒకే దూరం నుంచి, ఒకే విడతలో పని ముగిస్తారు. చక్రాల పైన కనుబొమల్లా సాగే గట్లున్నాయి చూశారూ, అసలు గండం అక్కడుంది. పదునైన అంచు మీద రంగు నిలవదు. మెరుగు పెట్టేటప్పుడు నీటిలో తడిపిన ఉప్పుకాగితం ఒక్కసారి ఎక్కువ తగిలిందంటే కింద ప్రైమర్ తొంగి చూస్తుంది. ఆ నాలుగు గట్ల మీద వెండి చెక్కుచెదరకుండా, పక్కనున్న వంపులోకి విరగకుండా జారిన మోడల్ ఎదురైతే నాకు మాట రాదు.

క్రోము సంగతి వేరు. అక్కడ రంగు ఓడిపోతుంది, రేకు గెలుస్తుంది. బేర్ మెటల్ ఫాయిల్ అనే అతుక్కునే రేకు స్వీట్ల మీద అద్దే వెండి రేకులా పలుచగా ఉంటుంది. కిటికీ అంచు మీద దాన్ని పరిచి, పంటిపుల్ల మొనతో నెమ్మదిగా రుద్దితే కింద ఉన్న ప్రతి గీతా పైకి తేలుతుంది. తరవాత కొత్త బ్లేడుతో, బరువు వేయకుండా, అంచు వెంట కోయాలి. వెండి బాడీ మీద వెండి రేకు తేడా కనిపిస్తుందా అని అనుమానం రావచ్చు. కనిపిస్తుంది. బాడీ వెలుగుని చెదరగొడుతుంది, రేకు అద్దంలా తిప్పికొడుతుంది. ఒకే రంగులో రెండు వెలుగులు! ఈ మోడల్‌కు సంబంధించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

తలుపు పైకెత్తితే లోపల గళ్ల గుడ్డ సీట్లు. బయట అంత నిగ్రహం పాటించిన కారు లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ గళ్లతో నవ్వుతుంది. గళ్లను డెకాల్‌గా, అంటే తడిపి అంటించే పలుచటి బొమ్మగా, అతికించి, మెత్తబరిచే ద్రావణం పూసి, సీటు మడతల్లోకి దిగేదాకా ఓపిక పట్టాలి. ఆపైన మెరుపు లేని వార్నిష్ తప్పనిసరి. అది లేకపోతే గుడ్డ కాస్తా ప్లాస్టిక్ అయిపోతుంది. బానెట్ కింద, దాన్ని కిందికి దించడం కోసం 50 డిగ్రీలు ఎడమకు వాల్చిన ఆరు సిలిండర్ల ఇంజిన్. అక్కడ ఒక్క వెండిరంగు చాలదు. పోత అల్యూమినియం మసకగా, ఉక్కు చల్లగా, ఎగ్జాస్ట్ గొట్టం కాస్త గోధుమ ఛాయతో కనబడాలి. గొట్టాల ఫ్రేము నల్లగా వెనక్కి తగ్గాలి.

తలుపుల చుట్టూ ఉండే సందుల్లో నలుపు నింపే అలవాటు నాకు నచ్చదు. అసలు కారు సందులో ఉండేది నీడ, సిరా కాదు. వెండి మీద నల్ల గీత పడితే కారు కాస్తా కారు బొమ్మల పుస్తకంలో పేజీ అయిపోతుంది. బూడిదలో చిటికెడు గోధుమ కలిపిన పలుచటి రంగు చాలు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నట్టు మెరిపించడం కూడా అంతే తప్పు. వార్నిష్ మందమైతే బానెట్ మీది ఆ రెండు ఉబ్బుల అంచులు మొద్దుబారతాయి. చిన్న వస్తువు మీద మెరుపుని ఒక పిసరు తగ్గించగలగడం పెద్ద విద్య.

ప్రదర్శనల్లో ఇలాంటి మోడళ్లను నిలబడి, పైనుంచి చూసి వెళ్లిపోతుంటారు. అలా చూస్తే ఎత్తైన మేడ మీది నుంచి కారుని చూసినట్టే. మనిషి కంటి ఎత్తుని 24తో భాగించండి: ఏడు సెంటీమీటర్లు కూడా రాదు. దయచేసి వంగి, బల్లకు అంత ఎత్తులో ఒక కన్ను పెట్టి, ముందు చక్రం పైనున్న గట్టు నుంచి చూడటం మొదలుపెట్టండి.