ధర లేని కంపెనీకి విలువ కట్టడం

సింగరేణి కాలరీస్ వాటాల్లో 51 శాతం తెలంగాణ ప్రభుత్వం వద్ద, 49 శాతం కేంద్రం వద్ద ఉన్నందున అవి స్టాక్ ఎక్స్ఛేంజీలో చేతులు మారవు. 2010లో మార్కెట్‌కు వచ్చిన కోల్ ఇండియాకు పూటపూటకూ ధర పలుకుతుండగా, సింగరేణి విలువను మాత్రం లెక్కగట్టి అంచనా వేయవలసిందే. సింగరేణి గనుల పట్టణమైన గోదావరిఖనిలో ఆ లోటును కార్మికులకు ఏటా ప్రకటించే లాభాల వాటా తీరుస్తుంది. శాతం పెరిగితే కంపెనీ బాగున్నట్టు, తగ్గితే దెబ్బతిన్నట్టు కార్మిక కుటుంబాలు లెక్కవేస్తాయి. ఈ కొలత సహజమే గాని గడిచిన ఏడాదికే పరిమితం. మార్కెట్ విలువ అంటే కంపెనీ రాబోయే ఏళ్లలో గడించగల నగదును, నిరీక్షణకు వడ్డీనీ అనిశ్చితికి మరికొంతనూ తగ్గించి, ఈనాటి రూపాయల్లోకి మార్చిన మొత్తం.

1990లలో సింగరేణి రెండుసార్లు బీఐఎఫ్ఆర్‌కు, అంటే అప్పట్లో ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసిన మండలికి, వెళ్లినప్పుడు భూగర్భంలోని బొగ్గు ఎక్కడికీ పోలేదు. పేరుకున్న నష్టాలు నికర విలువను, అనగా ఆస్తుల నుంచి అప్పులు తీసివేయగా వాటాదారులకు మిగిలేదానిని, మింగివేశాయి. కేంద్రం వడ్డీ చెల్లింపుపై మారటోరియం ఇచ్చాకే సంస్థ కోలుకోగలిగిందంటే, గనుల కంపెనీ విలువలో అప్పు భారం ఎంతటిదో తెలుస్తుంది.

2023-24లో నికర లాభం 4,701 కోట్లు కాగా, అందులో 2,289 కోట్లను విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లపైనే 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు పంచడాన్ని సంఘాలు తప్పుపట్టాయి. మొత్తం లాభంపై వాటా అడగడం అన్యాయమేమీ కాదు. అయితే బొగ్గు తవ్వినకొద్దీ తరిగే సొత్తు కనుక, వచ్చిందంతా పంచే గనుల సంస్థ నిజానికి తన మూలధనాన్నే పంచుకుంటున్నట్టు. అలాగని మిగుల్చుకున్న ప్రతి రూపాయీ విలువను పెంచదు: కొత్త గని గానీ, జైపూర్‌లో సింగరేణికి ఉన్న 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం వంటిది గానీ, పెట్టిన పెట్టుబడికయ్యే ఖర్చును మించి ఆర్జించినప్పుడే పెంచుతుంది. దాచిన సొమ్ము ఎక్కడ, ఎంత రాబడికి పెడుతున్నారన్న లెక్క కార్మికుల ముందుంచడమే ఈ తగవులో యాజమాన్యం చేయవలసిన పని.

లాభనష్టాల పట్టికలో కనిపించని చిక్కు మరొకటి ఉంది. బొగ్గు, కరెంటు అమ్మిన రోజునే ఆదాయం ఖాతాకెక్కుతుంది గాని, విద్యుత్ సంస్థల నుంచి వేల కోట్ల బకాయిలు ఆలస్యంగా చేతికందితే ఆ లాభం కాగితంపైనే ఉంటుంది. మార్కెట్ అటువంటి లాభానికి తక్కువ ధర కడుతుంది. బకాయిపడిన జెన్‌కో, డిస్కంలు రాష్ట్రానివే, సింగరేణిలో పెద్ద వాటాదారూ రాష్ట్రమే. అందుకే ఎప్పుడైనా వాటాలు అమ్మకానికి వస్తే, కొనేవారు బొగ్గు నిల్వల కంటే ముందు ఈ బకాయిల కాలపట్టికనే అడుగుతారు.