జ్వరము దిగినంతనే జబ్బు పోయినట్లా?

కోనసీమలో పసిబిడ్డ ఒళ్లు కాలినచో తల్లి తడిగుడ్డ వేయును, పారాసిటమాల్ మందు పట్టును. ఆ జ్వరము మలేరియా అయినచో ఈ ఉపశమనము చికిత్సకు అడ్డు వచ్చునా? 1997లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఈ ప్రశ్ననే ఎత్తుకొన్నది.

ఆఫ్రికాలోని గాబన్ దేశమున ఫాల్సిపేరమ్ మలేరియా సోకిన 50 మంది పిల్లలకు క్వినైన్ ఇచ్చి, తడిగుడ్డతో తుడిచి, విసరిరి. కొందరికి పారాసిటమాల్ కూడ ఇచ్చిరి. రక్తమునుండి పరాన్నజీవులు తొలగుటకు పారాసిటమాల్ పుచ్చుకొన్నవారికి 75 గంటలు, తక్కినవారికి 59 గంటలు పట్టెను. జ్వరము తగ్గుటలో మాత్రము చెప్పుకోదగిన భేదము లేదు.

పరాన్నజీవులు ఎర్రకణములను పగులగొట్టుకొని వెలువడినప్పుడు తెల్లకణములు కొన్ని పదార్థములను విడుదల చేయును. జ్వరమునకు కారణమైన ఈ పదార్థములే శత్రుసంహారమునకును తోడ్పడును. పారాసిటమాల్ వలన వీని ఉత్పత్తి తగ్గెనని పరిశోధకులు చూపుట మెచ్చదగినది.

అయితే 50 మంది మిక్కిలి చిన్న సంఖ్య. ఆ 16 గంటల జాప్యము వలన పిల్లలకు కీడు కలిగెనని ఈ పరిశోధన నిరూపింపలేదు. కనుక పారాసిటమాల్ మానుమని దీని తాత్పర్యము కాదు. ఎక్కువ జ్వరమునకు దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థయు సమ్మతించుచున్నది.

అమలాపురమైనను రాజోలైనను కొత్తపేటైనను తల్లి గ్రహింపవలసినది వేరు. జ్వరపు మందు బాధను తగ్గించును గాని పరాన్నజీవిని చంపదు. ఒళ్లు చల్లబడినదని రక్తపరీక్ష మానరాదు. మలేరియా అని తేలినచో వైద్యుడు చెప్పిన మందు చివరిదాక వాడితీరవలెను.