అరచేతికి తెలిసే అందం

జగదల్‌పూర్‌లో నా రాతబల్ల మీద రెండు వస్తువులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి బస్తర్ ఘడ్వా శిల్పులు పోతపోసిన ఇత్తడి ఏనుగు. రెండోది రాజమండ్రిలో చేసిన ఎబొనైట్ కలం.

ఏనుగు ఒంటినిండా సన్నని చారలు. మట్టిబొమ్మ మీద మైనపు పోగులు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటికి ఇత్తడి వచ్చి కూర్చుంటుంది. మైనం పోతుంది, దాని గీత మిగులుతుంది.

కలం కథ వేరు. రబ్బరులో గంధకం దండిగా కలిపి గంటల తరబడి వేడి పట్టిస్తే ఎబొనైట్ అవుతుంది. ఇందులో ఏదీ కరిగి పోదు. రెండూ కలిసి మూడో పదార్థమై నిలుస్తాయి. అమెరికాలో నెల్సన్ గుడియర్ దీనికి 1851లో పేటెంటు పొందాడు. కోసూరి వెంకటరత్నంగారు రాజమండ్రిలో 1932లో స్వదేశీ కలాల పని మొదలుపెట్టారు. ఆయన పంపిన కలంతో రాసి చూసిన గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

రెండు రంగుల రబ్బరు పొరలు కలిపి చేసిన కడ్డీని లేత్ మీద తిప్పుతుంటే ఎంత అందమో! ఉలి తగిలిన చోట చెక్కు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటుంది. గంధకం వాసన గుప్పుమంటుంది. నల్లని ఒంటి మీద ఎర్రని అలలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఆ అలలు పైన పూసినవి కావు, లోపలివి. అందుకే ఏ రెండు కలాలూ ఒక్కలా ఉండవు.

కలాలు వేరే పదార్థాలతోనూ చేస్తారు. యాక్రిలిక్ మెరుపు గొప్పదే, రంగులకు లోటు లేదు. గుడ్డ పొరలను రెసిన్‌తో బిగించిన మైకార్టా చేతి జిడ్డును పీల్చుకుని ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది. అయినా నా మనసు ఎబొనైట్ దగ్గరే ఆగుతుంది. పుష్యమాసపు చలిపొద్దున మూత తీస్తే ఆ కలం జిల్లుమనదు. పట్టుకున్న క్షణంలోనే చేతివేడిని తనదిగా చేసుకుంటుంది. పాళీ కింది ఫీడు కూడా ఎబొనైట్‌దే అయితే సిరాను చక్కగా పట్టుకుని తడి ఆరకుండా అందిస్తుంది.

ఎండలో వదిలేస్తే మాత్రం దాని నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. నీడన ఉంచాలి, రోజూ రాయాలి. ఆ మాత్రం సేవ కోరే హక్కు దానికి ఉంది.

కలం ఎంచుకునేటప్పుడు ముందు కళ్లు మూసుకుని పట్టుకోండి. రంగు తరవాత చూడవచ్చు.