గడియారం ఆపి, చెయ్యి చాచి

నారాయణఖేడ్ హోటల్లో చాయ్ తాగుతూ రాజకీయాలు మాట్లాడేవాళ్ల నోట కూడా చదరంగం మాటలే దొర్లుతాయి. ఎత్తుకు పైఎత్తు వేశాడంటారు, ఆట కట్టించాడంటారు. ఆట కట్టకముందే ఓటమి ఒప్పుకుని లేచే పద్ధతికి మాత్రం వాడుకలో తెలుగు మాట లేదు. ఆటగాళ్లంతా ‘రిజైన్ చేశాడు’ అనే అంటారు. మాట అరువుదే. ఆ పని హుందాగా చేయడంలో మాత్రం మనవాళ్లు ఎవరికీ తీసిపోరు.

సినిమాల్లో ఓడినవాడు రాజును వేలితో పడగొడతాడు. టోర్నమెంట్లలో ఆ నాటకం అరుదు. గడియారం ఆపాలి, చెయ్యి చాచాలి, ‘రిజైన్’ అని వినపడేలా అనాలి. ఏమీ అనకుండా చెయ్యిస్తే ఎదుటివాడు డ్రా అనుకోవచ్చు, ఇక ఆర్బిటర్ దగ్గర పంచాయితీ. ఆపైన స్కోరుషీట్ల మీద ఫలితం, సంతకాలు. ఎలక్ట్రానిక్ బోర్డయితే రాజులిద్దరినీ నడిమి గళ్లలోకి తేవాలి: తెల్లపావులు గెలిస్తే తెల్ల గళ్లలోకి, నల్లవి గెలిస్తే నల్ల గళ్లలోకి. ఓపికుంటే ఇద్దరూ అక్కడే కూర్చుని ఆటను మొదటి నుంచి తిరగేసుకుంటారు. చూసేవాళ్లకు అసలు విందు అదే.

ఎప్పుడు వదలాలన్నదే పెద్ద విద్య. గెలిచే దారి ఎదుటివాడికి తెలుసా, ఆ దారిన నడిచేందుకు వాడి గడియారంలో టైముందా? రెండింటికీ అవుననే జవాబొస్తే ఇంక సాగదీయకూడదు. తొందరపడ్డా ముప్పే. 1902లో మాంటెకార్లోలో పోపియెల్‌తో ఆడుతూ జార్జ్ మార్కో, తన శకటు పోయినట్టేనని రిజైన్ చేశాడు. అదే శకటును జీ1 గడికి జరిపి ఉంటే గెలుపు అతనిదే! 1997లో డీప్ బ్లూ కంప్యూటర్‌తో రెండో గేమ్‌లో కాస్పరోవ్ అంతటివాడు డ్రా చేసుకోదగ్గ ఆటను వదిలేశాడు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపిని చూడండి. 2025 జులై 28న బతూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ టైబ్రేక్. ఎదుట తన వయసులో సగమున్న దివ్య దేశ్‌ముఖ్. ఆట చేజారాక హంపి రిజైన్ చేసింది, రభస లేదు. అదే ఏడాది జూన్ 1న స్టావాంగర్‌లో గుకేశ్ చేతిలో ఓడిన కార్ల్‌సన్ బల్లను గుద్దితే పావులు ఎగిరిపడ్డాయి. వెంటనే సారీ చెప్పాడనుకోండి. 2022లో నీమన్‌పై ఆన్‌లైన్‌లో ఒక్క ఎత్తు వేసి రిజైన్ చేసిందీ ఆయనే. ఎంత మేధావైనా దాన్ని మెచ్చుకోలేం.

1972లో రేక్యవిక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వాయిదా పడ్డ 21వ గేమ్‌ను స్పాస్కీ ఫోన్‌లోనే రిజైన్ చేశాడు. ఇప్పుడూ ఫోనే ఉంది, పద్ధతే పోయింది. ఆన్‌లైన్ ఆటలో మంత్రి పోగానే ఫోన్ పక్కన పడేసి, మిగిలిన తొమ్మిది నిమిషాలూ ఎదుటివాణ్ని ఉత్తినే కూర్చోబెట్టే పిల్లలు తయారయ్యారు. ఆ రోగమే హాళ్లలోకీ వస్తోంది. ఓడిన పిల్లాడు నీళ్లు తాగొస్తానని వెళ్లి, గడియారం అయిపోయేదాకా తిరిగి రాడు. ‘చివరిదాకా రిజైన్ చేయొద్దు’ అని కోచ్‌లు నూరిపోస్తున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది సరే, ఎదుటివాడి పొరపాటుతో స్టేల్‌మేట్ అయి డ్రా దొరకొచ్చు. రేటింగ్ వచ్చాక కూడా ఒంటరి రాజుతో గళ్లన్నీ తిరగడం ఏం పోరాటం? ఖేడ్ చుట్టుపక్కల జాతర కుస్తీల్లో పడ్డవాడు మట్టి దులుపుకుని లేచి, గెలిచినవాడికి చెయ్యిస్తాడు. అది ఏ అకాడమీలో నేర్చాడు?

కోచ్‌లకు ఒక్కటే విన్నపం. ఓపెనింగులు నేర్పేముందు పిల్లలకు 2024 డిసెంబర్ 12 నాటి సింగపూర్ వీడియో చూపించండి. ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్, ఇద్దరివీ సమాన పాయింట్లు. చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు జరిపాడు. ఏనుగులూ శకట్లూ మారిపోయాక మిగిలేది ఓడే బంట్ల ఆటే. ఇంకో మూడు ఎత్తులు చూసి, కిరీటం పోతోందని తెలిసీ డింగ్ చెయ్యి చాచాడు. చెన్నైలో పెరిగినా మన తెలుగింటి బిడ్డే అయిన పద్దెనిమిదేళ్ల గుకేశ్‌కు కన్నీళ్లు ఆగలేదు. ఏడుస్తూనే, ఒక్కో పావునూ తీసి మళ్లీ దాని గడిలో పేర్చాడు.