విలువ ఎప్పుడు బిగుసుకుంటుంది?

పైథాన్ నేర్చుకునేవాళ్లు తరచూ తట్టుకునే రాయి ఒకటుంది. టీకింటర్‌తో క్యాలిక్యులేటర్ రాస్తారు. 0 నుంచి 9 దాకా బటన్లను ఒకే లూపులో తయారుచేసి, ఒక్కోదానికీ ఒక ల్యాంబ్డా తగిలిస్తారు. తెర మీద అంకెలన్నీ వరసగా, ముచ్చటగా ఉంటాయి. ఏది నొక్కినా మాత్రం 9 పడుతుంది.

ల్యాంబ్డా గుర్తుపెట్టుకునేది పేరును, విలువను కాదు. బటన్ నొక్కినప్పుడే ఆ పేరు దగ్గరికి వెళ్లి చూస్తుంది. అప్పటికి లూపు ముగిసిపోయి, అక్కడ 9 మిగిలి ఉంటుంది.

దీనికి చాలామంది చెప్పే మందు, ల్యాంబ్డాకు డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఆ విలువను ఇచ్చేయడం. పని జరుగుతుంది. కానీ నాకది నచ్చదు. అదే ల్యాంబ్డాను రేపు బైండ్‌కి ఇస్తే, టీకింటర్ దానికి ఈవెంట్‌ను పంపుతుంది. మన అంకె స్థానంలో ఆ ఈవెంట్ వచ్చి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాకపోవచ్చు.

ఫంక్‌టూల్స్‌లోని పార్షల్ నాకు ఇష్టం. పాలవాడికి నెల మొదట్లో ‘రోజూ లీటరు’ అని చెప్పేస్తే ఇక రోజూ చెప్పక్కర్లేదు కదా, అలాంటి ఏర్పాటు అది. ఫంక్షన్‌నూ ముందే తెలిసిన ఆర్గ్యుమెంట్లనూ కలిపి కడుతుంది, మిగతావి పిలిచినవాళ్లు ఇస్తారు. విలువ కట్టినప్పుడే బిగుసుకుంటుంది. అయితే లిస్టు ఇస్తే నకలు తీయదు, ఆ లిస్టునే పట్టుకుంటుంది. తర్వాత దాన్ని మారిస్తే మార్పు ఇక్కడా కనిపిస్తుంది.

ఆర్గ్యుమెంట్లు కొన్నిటిని ముందే బిగించే ఈ ఆలోచన మూలాలు 1924లో షోన్‌ఫింకెల్ రాసిన తర్కశాస్త్ర వ్యాసం దాకా వెళ్తాయి. పైథాన్‌లో పార్షల్‌ను 2003లో పీటర్ హారిస్ ప్రతిపాదించగా, 2006లో 2.5 వెర్షన్‌తో వచ్చింది.

పార్షల్‌ను ప్రింట్ చేస్తే లోపల ఏ ఫంక్షన్ ఉందో, ఏయే విలువలు బిగించారో చెబుతుంది. ల్యాంబ్డాను ప్రింట్ చేస్తే ల్యాంబ్డా అన్న మాటా, ఒక మెమరీ చిరునామా తప్ప పెద్దగా ఏమీ దొరకదు. అర్ధరాత్రి లాగ్ ముందు కూర్చున్నవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. మల్టీప్రాసెసింగ్ పూల్‌కి ల్యాంబ్డా ఇస్తే పికిల్ చేయలేనంటూ ఆగిపోతుంది. మాడ్యూల్ పైస్థాయిలో రాసిన ఫంక్షన్ మీద కట్టిన పార్షల్, బిగించిన విలువలు కూడా పికిల్ అయ్యేవైతే, ఇబ్బంది లేకుండా వెళ్తుంది.

జాగ్రత్త పడాల్సిన చోటూ ఉంది. పేరు చెప్పకుండా ఇచ్చినవి ఎడమ నుంచే నిండుతాయి. వర్గాలు కావాలని, ఘాతాలు లెక్కించే పౌ ఫంక్షన్‌కి 2 బిగిస్తే, వచ్చేవి 2 ఘాతాలు. ఘాతం పేరు చెప్పి బిగించాలి. పౌ అలా పేర్లతో తీసుకోవడం 3.8 నుంచే సాధ్యమైంది. పేర్లు ఒప్పుకోని ఫంక్షన్లలో మధ్య స్థానం బిగించే దారి పార్షల్‌కి చాలాకాలం లేదు. 2025లో వచ్చిన 3.14లో ప్లేస్‌హోల్డర్ ఆ లోటు తీర్చింది.

ల్యాంబ్డాను మానేయమని కాదు. సార్టెడ్‌కి కీ ఇవ్వడం లాంటి అక్కడికక్కడ ముగిసే పనికి అదే సుఖం. దాచిపెట్టి తర్వాత ఎప్పుడో పిలిచే ఫంక్షన్‌కి మాత్రం నా ఓటు పార్షల్‌కే. మీ కోడ్‌లో లూపు లోపల పుట్టిన ల్యాంబ్డాలు ఉంటే, ఈ వారం ఒక్కొక్కటీ తెరిచి అవి విలువను పట్టుకున్నాయో పేరును పట్టుకున్నాయో చూడండి.