లైన్ మీద ఫోన్

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి యాచారం, మాల్ దాకా, ఇటు మంచాల దాకా దుకాణం దుకాణం తిరిగి సబ్బులు, బిస్కెట్లు, టీ పొడికి ఆర్డర్లు రాసుకొచ్చే పనిని ‘లైన్ చేయడం’ అంటారు. ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర నేనూ కొన్నాళ్లు లైన్ చేశాను. అప్పుడు చేతిలో ఉండేది కార్బన్ కాగితం పెట్టిన ఆర్డరు పుస్తకం. రాయడం ఎవరికైనా వస్తుంది, రాయకముందు చూడటమే అసలు విద్య. దుకాణంలోకి వెళ్లగానే నోరు తెరవొద్దని నాకు పని నేర్పిన సీనియర్ చెప్పేవాడు. ముందు అరలు చూడాలి. ఏ సబ్బు మీద దుమ్ము పట్టింది, ఏ బిస్కెట్ల డబ్బా అడుగంటింది, మన సరుకుకు అడ్డంగా ఎవరి సరుకు వచ్చి కూర్చుంది? ఇదంతా అయ్యాకే “ఏం రాయమంటరు సేటూ?” అనాలి. “ముందుగాల పాత డ్యామేజి ఎన్నడు తీస్కపోతవో చెప్పు తమ్మీ” అని సేటు అన్నాడంటే, ఆర్డరు కన్నా ముందు తేల్చాల్సిన పాడైన సరుకు లెక్క ఒకటి ఉందన్నమాట.

ఇబ్రహీంపట్నం లైన్‌కు ఇంకో తెలివిడి కూడా కావాలి. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలే. సెలవులిచ్చారంటే హాస్టళ్ల పక్క దుకాణాల్లో నూడుల్స్, చిప్స్ కదలవు. అదే వారం ఊళ్లలో పెళ్లిళ్లు పడితే టీ పొడి, నూనె ప్యాకెట్లు నిలవవు. ఆదిభట్లలో టీసీఎస్, కొంగరకలాన్‌లో కలెక్టరేటు, ఫాక్స్‌కాన్ వచ్చాక కొనేవాళ్లూ మారుతున్నారు. ఆ మార్పు అందరికన్నా ముందు కంటపడేది లైన్ చేసే మనిషికే.

ఆర్డరు పుస్తకం పోవడానికి పది నెలలు చాలాయి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా చవకైంది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి, గల్లాపెట్టె పక్కకు ఫోన్ చేరింది. 2017 జులై 1న జీఎస్టీ మొదలై చిన్న డిస్ట్రిబ్యూటర్లు కూడా కంప్యూటర్ బిల్లులకు మారారు. ఇక కార్బన్ కాగితంతో ఎవరికి పని?

ఇప్పుడు సేల్స్‌మన్ దుకాణం ముందు నిలబడి యాప్ తెరుస్తాడు. తను ఉన్న చోటు, మ్యాపులో దుకాణం ఉన్న చోటు కలిస్తేనే అది ముందుకు కదులుతుంది. అరలకు ఫొటో తీయమంటుంది. పోయిన నెలల్లో కొన్నది చూసి ఈసారి ఎంత రాయాలో అదే చెబుతుంది. నొక్కగానే ఆర్డరు గోదాంకు చేరుతుంది, మర్నాడు ఆటోలో సరుకు దిగుతుంది. ఇందులో మేలు చాలా ఉంది. రాత్రిపూట కూర్చుని ఆర్డర్లన్నీ మళ్లీ కంప్యూటర్లో ఎక్కించే చాకిరీ తప్పింది. రాత అర్థం కాక పది డజన్లు అడిగినచోట డెబ్బై డజన్లు దించే గొడవ తగ్గింది. టీ హోటల్లో కూర్చుని నాలుగు దుకాణాల పేర్లు రాసుకొచ్చే అలవాటుకూ అడ్డుకట్ట పడింది.

నా అభ్యంతరం ఒక్కచోటే. ఆ ఫోన్ కబుర్లన్నీ కంపెనీకి మోస్తుంది, పట్టుకున్న మనిషికి మాత్రం తిరిగి ఇచ్చేది తక్కువ. ఆర్డరు రాకపోతే ఎందుకు రాలేదని నేను చూసిన యాప్‌లు అడుగుతాయి. ‘స్టాకు ఉంది’, ‘దుకాణం మూసి ఉంది’ లాంటి నాలుగైదు జవాబుల్లో ఒకటి నొక్కాలి. కాలేజీకి సెలవులని చెప్పే చోటే ఉండదు. సేల్స్‌మన్ ఏదో ఒకటి నొక్కేసి పక్క దుకాణానికి పోతాడు. కంపెనీకి చేరాల్సిన అసలు కబురు అక్కడే ఆగిపోతుంది.

ఫోన్ కబురు పట్టుకున్న మనిషికే చేరితే ఎలా ఉంటుందో కేరళలో కనబడింది. అక్కడి ఉత్తర తీరంలో 1997, 2001 మధ్య సెల్ టవర్లు లేచాక ఏమైందో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టి 2007లో ప్రచురించారు. సార్డైన్ చేపలు పట్టే జాలర్లు ఒడ్డుకు రాకముందే ఫోన్ చేసి, ఏ ఊరి మార్కెట్లో కొనేవాళ్లున్నారో కనుక్కోవడం మొదలుపెట్టారు. కొనే దిక్కులేక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఆ ఫోన్లలో యాప్‌లు లేవు, ఫొటోలు లేవు. కానీ అడిగేది జాలరి, జవాబు వినేదీ జాలరే. లాభమంతా అక్కడి నుంచే వచ్చింది.

మన దుకాణాల్లో డబ్బులు పడగానే తెలుగులో పలికే సౌండ్‌బాక్స్‌నే చూడండి. సాయంత్రం రద్దీలో చేతికి నూనె అంటుకుని ఉన్నా, త్రాసు మీంచి కళ్లు తీయకుండానే ఎంత పడిందో దుకాణదారుకు తెలిసిపోతుంది. దొంగ స్క్రీన్‌షాట్ చూపించి జారుకునేవాళ్ల ఆట కట్టింది. అందుకే నెలనెలా అద్దె కట్టి మరీ పెట్టుకుంటున్నారు. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర రుసుం వసూలు చేయడం లేదు కనుక, సౌండ్‌బాక్స్ ఇచ్చే కంపెనీలకూ ఆ అద్దె అక్కరకొచ్చే రాబడే. ఇద్దరికీ గిట్టింది.

దుకాణదారే నేరుగా ఆర్డరు పెట్టుకునే యాప్‌లూ వచ్చాయి. హిందుస్థాన్ యూనిలీవర్‌ది ‘శిఖర్’. స్కీమ్ ఏముందో దుకాణదారు తన కళ్లతో చూసుకుంటాడు, అది మధ్యలో ఎవరి దగ్గరా ఆగిపోదు. పాత డిస్ట్రిబ్యూటర్లకు మాత్రం గుబులు పట్టుకుంది. దుకాణాలకు యాప్‌లోనే సరుకు అమ్మే ఆన్‌లైన్ టోకు సంస్థలకు ఇచ్చే ధరలే తమకూ ఇవ్వాలని 2022 జనవరిలో కంపెనీలతో పేచీకి దిగారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. లైన్ నడిచేది ఉద్దెర మీద. ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరి ఇంట్లో ఆసుపత్రి ఖర్చుండి ఈ వారం ఆగాలో తెలిసినవాళ్లు సేల్స్‌మన్, డిస్ట్రిబ్యూటరే. బాకీ మునిగితే నష్టపోయేదీ డిస్ట్రిబ్యూటరే.

కంపెనీలు రెండు పనులు చేయాలి. దుకాణం గురించి తెలిసిన సంగతిని సేల్స్‌మన్ తన తెలుగులో, తన గొంతుతో చెప్పే వీలు యాప్‌లో పెట్టాలి, దాన్ని వినే మనిషి ఆఫీసులో ఉండాలి. డ్యామేజి, గడువు దాటిన సరుకు వాపసు ఎంతవరకు వచ్చిందో దుకాణదారు ఫోన్లో కనబడాలి. పెట్టిన ఆర్డరు ఏ ఆటోలో ఎక్కిందో చూపించే యాప్‌కు, అరలో మూలన పడి ఉన్న పాత సబ్బుల డబ్బులు ఎప్పుడొస్తాయో చూపించడం పెద్ద పనేమీ కాదు.